నల్ల కుందేళ్లకు పావుగంట చాలదు

ఒక్కరంటే ఒక్కరు అడిగారా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా? మీ తాత తాళాలు ఎలా బాగుచేసేవాడో అడిగారు. మీ ముత్తాతకి చివర్లో ఎన్ని పళ్లు మిగిలాయో అడిగారు. వీధి చివర ఇంటివాళ్ల కుక్క ఏ జాతో కూడా నన్నే అడిగారు, దాన్ని నేనే కన్నట్టు. చుక్కలమ్మ గురించి మాత్రం ఎవరికీ నోరు పెగల్లేదు. గోడ మీద ఆవిడ ఫొటో ఉంది కదా, కుడివైపు, ఒళ్లో తువ్వాలు చుట్టిన మూట పెట్టుకుని నవ్వుతూ. రోజూ దాని కిందే కూర్చుని ఫోన్లు గోక్కుంటారు. ఆ మూటలో పసిబిడ్డ ఉందనుకుంటున్నారు కదూ. కాదు. కుందేలు. ఇప్పుడెత్తారు తలకాయలు. ఇన్నాళ్లూ మెడలు పట్టేశాయి కాబోలు.

సరే, రాసుకునేవాళ్లు రాసుకోండి. నేను రెండోసారి చెప్పను.

చుక్కలమ్మ మీ తాత తమ్ముడి భార్య. నాకు తోడికోడలు, మీకు చిన్న నాయనమ్మ. నాకన్నా ఆరేళ్లు చిన్నది. పెళ్లయి మా ఇంటికి వచ్చేనాటికి ఆవిడకి వంట రాదు. రాదంటే ఉప్పు ఎక్కువా తక్కువా కాదు. పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి ఇంకిపోయి, గిన్నె ఎర్రబడేదాకా పక్కనే నిలబడి కిటికీలోంచి పిచ్చుకల్ని చూసే రకం. మాది రెండు గదుల ఇల్లు, వంటిల్లు సన్నం. ఇద్దరం నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో ఉండేది. మా అత్తగారు గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని ఇద్దరి తప్పులూ ఎంచేది. నావి వేళ్ల మీద, ఆవిడవి నోటితో, ఎందుకంటే ఆవిడ తప్పులకి వేళ్లు చాలవు.

మా ఇంటికి నాలుగు స్టాపుల దూరంలో పెద్ద కంటి ఆసుపత్రి ఉండేది. దాని వెనక రెండంతస్తుల మేడలో కళ్ల జబ్బుల మీద పరిశోధనలు చేసేవాళ్లు. అక్కడ గచ్చు తుడవడానికి మనిషి కావాలని తెలిసి చుక్కలమ్మ వెళ్తానంది. వంటింట్లోంచి పారిపోవడానికే అని అందరికీ తెలుసు. మా అత్తగారు ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది. వాళ్లు నిన్ను వద్దన్న రోజున ఇంకో గుమ్మం ఎక్కేది లేదు, నేరుగా వచ్చి వంటింట్లో నిలబడాలి, మళ్లీ ఉద్యోగం అన్న మాట ఈ ఇంట్లో వినపడకూడదు. మా మరిది తల ఊపాడు. ఆయన తల ఊపడానికే పుట్టాడు. చుక్కలమ్మ కూడా సరేనంది. మా అత్తగారు అన్న మాట మీద నిలబడే మనిషి, అదొక్కటీ గుర్తుపెట్టుకోండి.

నెల తిరక్కుండానే పై అంతస్తులో ఒక గోల జరిగింది. జంతువుల గదిలోంచి ఒక కుందేలు తప్పించుకుని బీరువా కింద దూరింది. ముగ్గురు మగవాళ్లు బోర్లా పడుకుని, చీపురు కట్టతో పొడుస్తూ, రా రా అని బతిమాలుతున్నారట. పొడుస్తూ పిలిస్తే ఎవరొస్తారు? చుక్కలమ్మ తుడిచే గుడ్డ పక్కన పడేసి, బీరువాకి వీపు ఆనించి, ఏమీ ఎరగనట్టు గోడవైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి అదే వచ్చి ఆవిడ మోకాలి కింద తలపెట్టుకుంది. తువ్వాల్లో చుట్టి ఎత్తుకుంది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన మనిషి పెద్ద డాక్టరమ్మ. ఆ మేడకంతటికీ ఆవిడే పెద్ద. పొట్టి మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. మర్నాటి నుంచి చుక్కలమ్మకి గచ్చు పోయి కుందేళ్లు వచ్చాయి.

ఏం పని అని ఇంట్లో అడిగితే, కళ్లల్లో చుక్కలు వేస్తానంది. ఎవరికి అంటే కుందేళ్లకంది. మా అత్తగారికి చెవులు బాగానే వినపడతాయి గానీ రెండుసార్లు చెప్పించుకుంది. ఇంట్లో మనుషులకి వడ్డించడం చేతకాదు గానీ కుందేళ్లకి కళ్లల్లో పోసి వస్తుందట అని వీధి మొత్తం చెప్పుకొచ్చింది. చుక్కలమ్మ అన్న పేరు అలా పుట్టిందే. వెక్కిరింపుగా పెట్టారు, ఆవిడేమో కిరీటం పెట్టినట్టు తిరిగింది.

ఆ పని తేలికనుకోకండి. కళ్లారా చూశాను కాబట్టి చెప్తున్నా. కంటి లోపల, బాగా వెనక, సన్నటి పొర ఒకటి ఉంటుంది. చూపు పోగొట్టే జబ్బులు చాలా వరకు అక్కడే నక్కుతాయట. డాక్టర్లు దాన్ని చూడాలంటే నల్లగుడ్డు మధ్యలో ఉండే కంటిపాపలోంచే చూడాలి. వెలుతురు పడితే అది ముడుచుకుపోతుంది. సూది బెజ్జంలోంచి ఇల్లంతా చూడమంటే ఎలా కుదురుతుంది? అందుకని ముందు చుక్క వేస్తారు, అప్పుడు పాప బార్లా తెరుచుకుంటుంది. చుక్కలమ్మ దాన్ని కిటికీ అనేది. నేను కిటికీలు తీసిపెడితేనే చదువుకున్నవాళ్లు తొంగిచూసేది అని గొప్పలు.

కుందేలుని తువ్వాల్లో చుట్టాలి, చెవులు వెనక్కి సర్దాలి. కింది రెప్ప మెల్లగా లాగితే చిన్న జేబులా అవుతుంది. అందులో ఒక్కటే చుక్క, రెండు కాదు. రెప్ప మూసి, కంటి లోపలి మూల వేలితో నొక్కిపెట్టాలి, లేకపోతే మందు ముక్కులోకి జారిపోతుంది. ఆ కాసేపూ "కదలకు కన్నా, అయిపోయింది కన్నా" అంటూ ఉండేది. తర్వాత దీపం తగ్గించి ఆగాలి. కిటికీ తెరుచుకుందో లేదో చిన్న టార్చితో చూసి, అప్పుడు డాక్టర్ల బల్ల మీదికి తీసుకెళ్లాలి. చూడటం అయ్యాక గూటి మీద నల్లగుడ్డ కప్పాలి, తెరిచిన కంటికి వెలుతురు పోటు పెడుతుంది కదా.

ఎంతసేపు ఆగాలన్నది అసలు సంగతి. ఆవిడకి గడియారం చూడటం సరిగ్గా రాదు. రెండు ముళ్లూ దగ్గరికొస్తే కంగారుపడేది. అందుకని పనులతో కొలుచుకుంది. అక్కడ రెండు రకాల కుందేళ్లు. తెల్లవాటికి ఎర్రకళ్లు, నల్లవాటికి నల్లకళ్లు. తెల్లదానికి చుక్క వేసి, తిండిగిన్నెలు కడిగి వస్తే కిటికీ తెరిచి ఉండేది. నల్లదానికి అలా కాదు. గిన్నెలు కడగాలి, గూళ్లలో గడ్డి మార్చాలి, నీళ్ల సీసాలు తోమి నింపాలి. మూడూ అయ్యాక తెరుచుకునేది. ఎందుకని ఆవిడ ఎవర్నీ అడగలేదు. కొందరు పిలవగానే లేస్తారు, కొందరు మూడు కేకలు వెయ్యాలి, అంతే కదా అనుకుంది. డాక్టర్లకి తెరిచిన కళ్లే అందేవి కాబట్టి వాళ్లూ అడగలేదు. పదకొండేళ్లు అలా నడిచింది.

మధ్యలో ఆవిడ చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నా కడుపు చల్లబడదు. ఒకరోజు చుక్క వేసిన వేలితో చూసుకోకుండా సొంత కన్ను నులుముకుంది. ఇంటికొచ్చేసరికి ఎడమ కన్ను మామూలుగా ఉంది, కుడి కంటిపాప గుమ్మమంత ఉంది. మా అత్తగారు చూసి పీట మీంచి లేచిపోయింది. మందుల షాపతన్ని పిలుచుకొచ్చాం. ఆయన టార్చి వేసి, ఒక పాప కదులుతోంది రెండోది కదలట్లేదు, తలలో నరమేదో చిట్లినట్టుంది, తల కదపకుండా పడుకోబెట్టండి అని చెప్పి బండి కోసం పరిగెత్తాడు. చుక్కలమ్మ బుద్ధిగా పడుకుంది. ఆసుపత్రిలో రాత్రి డాక్టరు, నువ్వు చేసే పనేమిటమ్మా అని అడిగి, నవ్వి, రేపటికి సర్దుకుంటుంది పొమ్మన్నాడు. ఆ మాట మా మరిదితో చెప్పాడు. మా మరిది తల ఊపాడు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ మాత్రం ఎందుకు చెప్తుంది? ఒకటిన్నర రోజు మంచం దిగలేదు. నేను టీలు మోశాను. మా అత్తగారు దిండు సర్దింది, నా పెళ్లయ్యాక ఆ చెయ్యి దిండు సర్దడం అదే మొదలు, అదే ఆఖరు. రెండోరోజు నేను టీ పట్టుకెళ్తే చుక్కలమ్మ సూదిలో దారం ఎక్కించడానికి కుస్తీ పడుతోంది. దగ్గరి వస్తువులన్నీ అలుక్కుపోయినట్టున్నాయక్కా, ఈ మందు గుణమే అంత అని నోరు జారింది. మందేమిటే అన్నాను. అప్పుడు బయటపడింది. ఆ టీ నేనే తాగేశాను. పెద్ద డాక్టరమ్మ కూడా బాగా గడ్డి పెట్టిందట. ఆ తర్వాత చేతులు కడుక్కోకుండా తల కూడా గోక్కునేది కాదు.

పన్నెండో ఏడు గడియారం బాబు వచ్చాడు.

అది ఆవిడ పెట్టిన పేరు. పెద్ద చదువులు చదివిన కుర్ర ఆఫీసరు. మెళ్లో తాడుకి స్టాప్‌వాచీ వేలాడేది, చేతికి ఇంకోటి, గోడకి ఎలాగూ ఒకటి ఉంది. చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగలేడు, అంతే. వచ్చిన వారానికే గోడకి కాగితం అంటించాడు. చుక్క వేసిన పావుగంటకి కుందేలు బల్ల మీద ఉండాలి. తెల్లదైనా నల్లదైనా. అప్పుడు ఆ మేడలో పెద్ద పరీక్ష ఒకటి నడుస్తోంది. తెల్లవాటి కళ్లూ నల్లవాటి కళ్లూ పోల్చి పుస్తకంలో ఎక్కిస్తున్నారు, ఎక్కించే పని ఈయనది.

పావుగంటకి తెల్లవాటి కళ్లు బాగానే తెరుచుకున్నాయి. నల్లవి సగం కూడా తెరుచుకోలేదు. చుక్కలమ్మ ఉండబట్టలేక చెప్పింది, వీటికి పావుగంట చాలదు బాబూ, గడ్డి మార్చి సీసాలు కడిగిందాకా ఆగాలని. ఆయన గడ్డికీ కంటికీ ఏమిటి సంబంధం అన్నాడు. పుస్తకంలో పావుగంటే అని ఉందన్నాడు. ఆ పుస్తకం ఏ కుందేలు రాసిందని అడిగింది ఈవిడ. ఆయనకి నవ్వు రాలేదు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు, ఆయన ఒక లెక్క కట్టేసుకున్నాడు. నల్లవి రక్కుతాయి, ఈ మనిషికి భయం, అందుకని వాటికి చుక్కలు వెయ్యకుండానే వేశానని వచ్చి సింకు దగ్గర గిన్నెలు కడుక్కుంటోంది. చూశాడు కూడా, తన కళ్లతోనే, గిన్నెలు కడగడం. మూడు వారాలపాటు నల్లవాటి ఎదురుగా చుక్కలు వేయలేదు అని రాసుకుంటూ పోయాడు. చివరికి ఒక కాగితం తయారుచేశాడు. పనిలో మోసం చేస్తోంది కాబట్టి తీసెయ్యాలి, పెద్ద డాక్టరమ్మ సంతకం పెట్టడమే తరువాయి. సోమవారం పదింటికి అందరూ జంతువుల గదికి రండి అన్నాడు.

ఈ సంగతి ఆవిడ ఇంట్లో నా ఒక్కదానికే చెప్పింది, పెరట్లో కుళాయి దగ్గర, దుప్పటి పిండుతూ. చెరో కొసా పట్టుకుని మెలిపెడుతున్నాం. నన్ను తీసేస్తారట అంది. నేనేమన్నానో దాచను. మంచిదేగా, పన్నెండేళ్ల నుంచి రెండు పూటలా నేనొక్కదాన్నే చస్తున్నా, వచ్చి గరిటె పట్టుకో అన్నాను. ఆవిడ కొస వదిలేసింది. నీళ్లన్నీ నా కాళ్ల మీద పడ్డాయి.

"గరిటె పట్టుకుంటాలే అక్కా. మాట ఇచ్చాను కదా. కానీ నేను పోతే ఆ నల్లవాటికి ఇంకాస్సేపు ఆగాలని ఎవరు చెప్తారు? వాటి కళ్లే మంచివి కావని రాసేస్తారు. నా చేతులు దొంగవని రాసేస్తారు. అది చెరిపేవాళ్లెవరు?"

దుప్పటి మళ్లీ తడపాల్సి వచ్చింది, ఆ చిరాకులో ఉన్నాను.

సోమవారం నేనూ వెళ్లాను. పక్కన నిలబడదామని వెళ్లాననుకునేరు. మా అత్తగారు పంపింది. ఎలాగో సంగతి ఆవిడ చెవిన పడింది, తీసేసిన వెంటనే దారిలో ఎక్కడా ఆగకుండా తీసుకురమ్మంది. నాకూ చూడాలనిపించింది, ఒప్పుకుంటా. పన్నెండేళ్లుగా విర్రవీగిన మనిషి ముక్కు కిందికి దిగుతుంటే చూడటానికి ఎవరికుండదు? గొడుగు పట్టుకుని బయల్దేరాను.

గది చిన్నదే. రెండు వరసల గూళ్లు, మూల సింకు, మధ్యలో బల్ల, గోడకి గడియారం, దాని కింద ఆయన అంటించిన కాగితం. దీపం తగ్గించి ఉంది. కొత్త గడ్డి వాసన. నన్ను గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోమన్నారు. పెద్ద డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. గడియారం బాబు ఫైలు తెరిచి మూడు వారాల తేదీలూ చదివాడు. ఏ రోజు ఏ నల్ల కుందేలు, దాని పాప ఎంత తెరుచుకుంది, అన్నీ. బాగానే చదివాడు, గొంతు బాగుంటుంది. చదివి, "నువ్వు చెప్పేదేమైనా ఉందా?" అన్నాడు.

చుక్కలమ్మ తువ్వాలు మడతపెడుతోంది. మడత పూర్తిచేసి అప్పుడు తలెత్తింది.

"మీ కళ్లు ఏ రంగు బాబూ?"

ఆయన తెల్లబోయాడు. నలుపు అన్నాడు.

"ఈ నల్లవాటికి నోరు లేదు. మీకుంది. అదే మందు మీ కంట్లో వేస్తాను. ఒక తెల్లదానికీ ఒక నల్లదానికీ కూడా ఇప్పుడే వేస్తా. పావుగంట పెట్టండి. పావుగంటకి మీ కిటికీ తెరుచుకుంటే నేనే తలుపు వేసుకుని వెళ్లిపోతా, సంతకం కూడా అక్కర్లేదు."

ఒక కుందేలు నీళ్లు తాగుతున్న టకటక వినపడుతోంది. ఆయన పెద్ద డాక్టరమ్మ వైపు చూశాడు, కాస్త అడ్డుపడుతుందేమోనని. ఆవిడ అడ్డుపడలేదు. రోగుల గదిలోంచి అదే మందు, మూత తియ్యని సీసా తెప్పించింది. ఆయన కళ్లు ముందు పరీక్ష చేసి, కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బేమీ లేదని చూసుకుని, మామూలుగా రోగులకి వేసేదే, ఇష్టం లేకపోతే వద్దు అంది. అలా అన్నాక వద్దనే మగాడెవడు? నా అనుమానం, ఆవిడకి జవాబు ముందే తెలుసు. పన్నెండేళ్లు వెలిగించిన దీపాన్ని ఒక కాగితం మీద ఆర్పడం ఇష్టంలేక, కుర్రాడే కళ్లు తెరవాలని ఊరుకుంది.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ముందు తెల్లది, తర్వాత నల్లది, తర్వాత ఆయన. చుక్కలమ్మ చేతికి అలవాటు కదా, ఆలోచించకుండా ఆయన మెడ చుట్టూ తువ్వాలు చుట్టేసింది. చెవుల దాకా వెళ్లి, వీటిని వెనక్కి సర్దాల్సిన పని లేదని గుర్తొచ్చి ఆగింది. కింది రెప్ప లాగింది, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క, మూలలు నొక్కిపట్టింది. "కదలకు కన్నా" అంది. ఆఫీసరు కదల్లేదు. నేను గొడుగు పిడి కొరుక్కుని కూర్చున్నాను, నవ్వు బయటికి వస్తే ఎవరి పక్షమో తెలిసిపోతుందని.

ఆయన స్టాప్‌వాచీ నొక్కాడు. చుక్కలమ్మ వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. అంత నెమ్మదిగా గిన్నెలు కడిగిన మనిషిని నేను చూడలేదు. ఇంట్లో ఆవిడ గిన్నె కడిగితే వీధికి వినపడేది.

పావుగంట అయిందని ఆయనే అన్నాడు. పెద్ద డాక్టరమ్మ టార్చి తీసింది. తెల్లదాని కన్ను చూసింది, బాగా తెరుచుకుంది. నల్లది చూసింది, సగమే. తర్వాత ఈయన కంట్లో వేసి, కొలబద్ద పెట్టి చూసి, మళ్లీ చూసి, నెమ్మదిగా అంది:

"మీరు కూడా చుక్కలు వేయించుకోనట్టే ఉన్నారే."

ఆయన వేయించుకున్నానండీ అన్నాడు. ఎదురుగానే కదండీ వేసింది అన్నాడు. అన్నాక ఆ మాట తనకే వినపడింది. తువ్వాలు మెడకి ఉండగానే మొహం ఎర్రబడింది. ఫైలు తన ఒళ్లో ఉంది, అందులో మూడు వారాల పొడుగునా తన చేత్తో రాసిన మాట ఉంది. ఆ కుందేళ్లకి వేయించుకున్నామండీ అని చెప్పే నోరు లేదు, ఈయనకుంది, అంతే తేడా.

చుక్కలమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. గిన్నెలయ్యాక గడ్డి మార్చింది. గడ్డయ్యాక సీసాలు తోమింది. ఆఖరి సీసా గూటికి తగిలించి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, "ఇప్పుడు చూడండమ్మా" అంది. పెద్ద డాక్టరమ్మ చూసింది. నల్ల కుందేలుకీ ఆఫీసరుకీ కిటికీలు కోటు గుండీలంత తెరుచుకుని ఉన్నాయి. నల్లకళ్లలో ఉండే రంగు మందుని ముందు తనలోకి పీల్చుకుంటుందట, తర్వాత కొంచెం కొంచెంగా వదులుతుందట. అందుకే ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఆలస్యంగా ముడుచుకుంటాయి. ఆవిడ అది చెప్తుంటే ఆయన బుద్ధిగా తల ఊపాడు. నాకు మా మరిది గుర్తొచ్చాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నా. పెద్ద డాక్టరమ్మ కూడా తక్కువది కాదు. సరే, ఆ కాగితం ఏం చేద్దాం, ఒకసారి చదివి వినిపించండి అంది. ఆయన ఫైల్లోంచి తీశాడు. మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు. చెయ్యి చాచినంత దూరం చాచాడు. దీపం కిందికి తీసుకెళ్లబోయి వెలుతురు పొడిచి వెనక్కొచ్చాడు. ఇందాక గంట కొట్టినట్టు చదివిన మనిషి ఇప్పుడు ఒక్క ముక్క పలకలేకపోయాడు. ఆ మందు గుణమే అంత, దగ్గరి చూపు అలుక్కుపోతుంది.

"అక్షరాలు... అంతా మసగ్గా ఉందండీ. చీమలు పాకినట్టుంది. ఏమీ తెలియట్లేదు."

చుక్కలమ్మ ఆయన చేతిలోంచి కాగితం తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నాకూ ఇలాగే కనపడుతుంది బాబూ. పుట్టినప్పటి నుంచీ."

పెద్ద డాక్టరమ్మ మొహం గూళ్లవైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాకు నవ్వు రాలేదు. నాకూ ఆ కాగితం చీమలే కదా.

ఆయన లేచి, తువ్వాలు తీసి, మడతపెట్టడం రాకపోయినా మడతపెట్టి ఆవిడకి ఇచ్చాడు. "నల్లవాటికి ఎంతసేపు ఆగాలో మీరు చెప్పండి" అన్నాడు. పొద్దున్న నువ్వు అన్నవాడు మీరు అన్నాడు. ఆవిడ గిన్నెలు, గడ్డి, సీసాలు అంది. ఆయన స్టాప్‌వాచీ చూడబోయి, అదీ కనపడక, నిమిషాల్లో ఎంతైందమ్మా అని పెద్ద డాక్టరమ్మని అడిగాడు. నలభై అంది. గోడ మీద కాగితం తడుముకుంటూ వెళ్లి తనే చించాడు. ఫైల్లో కాగితం కూడా చించమని పెద్ద డాక్టరమ్మ అనలేదు, ఆయనే చించాడు. మర్నాడు చూపు సర్దుకున్నాక మూడు వారాల పుటల మీదా అడ్డంగా గీతలు గీసి, తప్పు నాది, తొందరపడి చూశాను అని రాసి సంతకం పెట్టాడట. ఆ నల్ల కుందేళ్లన్నిటినీ మళ్లీ మొదటి నుంచి చూశారు. కళ్లు చక్కగానే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఆయన్ని ఇంటికి పంపడం పెద్ద తతంగమైంది. బయట ఎండ మొహాన కొడుతోంది, ఆయన కళ్లు తెరవలేకపోతున్నాడు. చివరికి నా గొడుగు కింద, చుక్కలమ్మ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని బస్ స్టాపుకి నడిపించాం. మెళ్లో స్టాప్‌వాచీ ఊగుతోంది. వచ్చే బస్సు ఏదండీ అని ఆయన అడగడం, మాకు తెలియదు బాబూ, రంగుని బట్టి ఎక్కుతాం అని ఈవిడ చెప్పడం. కండక్టరు మా ముగ్గుర్నీ చూసి, పాపం పుట్టుకతోనా అని అడిగాడు. కాదు బాబూ, పదిన్నర నుంచీ అంది చుక్కలమ్మ.

ఇంటికెళ్లేసరికి మా అత్తగారు గరిటె కడిగి, గుమ్మం దగ్గర సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. తీసెయ్యలేదత్తయ్యా అని నేనే చెప్పాను. ఆవిడ నన్ను చూసింది, చిన్నకోడల్ని చూసింది, గరిటె నా చేతికి ఇచ్చింది. అన్న మాట మీద నిలబడే మనిషని చెప్పాను కదా, వాళ్లు వద్దనలేదు కాబట్టి ఆవిడా వద్దనలేదు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేను సణగడం మానలేదు, మానేదాన్ని కూడా కాదు. కాకపోతే మర్నాడు చుక్కలమ్మకి డబ్బా కట్టేటప్పుడు కూర కొంచెం ఎక్కువే పడింది. గరిటె పెద్దది, నా తప్పు కాదు.

ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతి ఆఫీసర్నీ గడియారం బాబే వెంటబెట్టుకుని ఆ గదికి తీసుకొచ్చేవాడు. ఆవిడ పేరు చివర గారు తగిలించి, ముందు ఈవిడ దగ్గర నేర్చుకోండి, తర్వాతే పుస్తకాలు అనేవాడట. ఆయన పెళ్లి ఫొటోలో మొదటి వరసలో నిలబడింది కూడా ఈవిడే, ఎవరో మేనత్త అనుకున్నారందరూ.

ఆ గదిలో మొత్తం ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసింది. వాళ్లంతట వాళ్లు ఒక్కసారీ వద్దనలేదు, వయసైపోయిందని తనే మానేసింది. మానేసిన మర్నాడు వంటింట్లోకి వచ్చి, నేర్పు అక్కా అంది. నేర్పాను. రాలేదు. నా చేతి వంట తింటూనే బతికింది. పోయేనాటికి ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు.